డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పదో తరగతి పిల్లలకు సీబీఎస్‌ఈనా, ఎన్‌ఐఓఎస్‌నా?

ఖర్చు: ఎన్‌ఐఓఎస్‌ (బడికి వెళ్లకుండా చదివి పరీక్షలు రాసే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ఫీజు తక్కువే. కానీ ఇంట్లో కూర్చోబెట్టి చదివించే మనిషి కావాలి. ఆ ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు.

పరీక్షలు: సీబీఎస్‌ఈలో డిస్లెక్సియా ధ్రువపత్రం చూపిస్తే రాసిపెట్టే లేఖకుడు, మూడు గంటల పేపరుకు అదనంగా ఒక గంట దొరుకుతాయి. అయినా సబ్జెక్టులన్నీ ఒకేసారి మీద పడతాయి. ఎన్‌ఐఓఎస్‌లో ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఏప్రిల్‌లో పెయింటింగ్, హోంసైన్స్ రాసి, అక్టోబరులో తెలుగు రాయవచ్చు. గణితం తప్పనిసరి కాదు. ఇంటర్‌లో ఎంపీసీ ఆశ ఉంటే మాత్రం వదలకండి.

ప్రమాదం: బడి గంట లేకపోతే ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయి. స్నేహితులూ దూరమవుతారు.

చదవడం నెమ్మదైనా బడి ఇష్టమైతే సీబీఎస్‌ఈలోనే ఉంచి, రాయితీలకు తొమ్మిదో తరగతిలోనే దరఖాస్తు పెట్టండి. ఒకటి రెండు సబ్జెక్టుల వల్ల బడంటేనే వణుకుతుంటే ఎన్‌ఐఓఎస్‌ మేలు.