కువైట్ వెళ్ళే ఆడవాళ్ళకి ఇచ్చే ఒకరోజు ట్రైనింగ్: నా రివ్యూ, 5కి 2.5

మా తమ్ముడి భార్య ఇంటిపనికి కువైట్ వెళ్తోంది. టెన్త్ పాసవలేదు, అందుకని ఆమెది ఈసీఆర్ (వెళ్ళేముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళు అక్కడికి ఇంటిపనికి పోవాలంటే వయసు 30 దాటాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్ళాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రావాలి. ఈ క్లాసు ఆ దారిలోదే. నేను కొన్నేళ్ళు కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేసి వచ్చినదాన్ని కాబట్టి "వదినా, నువ్వూ తోడు రా" అంది. వెనక కుర్చీలో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా విన్నాను. సెంటర్ పేరు రాయటం లేదు. అక్కడ పాఠం చెప్పిన మేడం గారు ఓపికున్న మనిషి, ఆవిడ మీద నాకు కోపం లేదు. క్లాసులో ఏం ఉంది, ఏం లేదు అనేదే రాస్తున్నాను.

బాగున్నవి ముందు చెప్తాను. పైసా తీసుకోలేదు. అగ్రిమెంటు కాగితం నమూనా ఒకటి అందరి చేతికీ ఇచ్చి, జీతం ఎక్కడ రాసి ఉంటుందో, కఫీల్ (మనల్ని వీసా మీద పనికి పెట్టుకునే యజమాని) పేరు ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించారు. చదువు రాని వాళ్ళ దగ్గరికి మేడం స్వయంగా వెళ్ళి చూపించారు. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం వచ్చిందని, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని చెప్పారు. నేను వెళ్ళినప్పుడు ఈ ముక్క చెప్పిన నాథుడు లేడు. 275 రూపాయలు కడితే రెండేళ్ళకి వచ్చే ప్రవాసీ భారతీయ బీమా గురించీ చెప్పారు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి 10 లక్షలు. వాషింగ్ మెషిన్, వాక్యూమ్ క్లీనర్ నడపటం అందరి చేతా చేయించారు. క్లోరాక్స్ అనే బ్లీచులో ఇంకే క్లీనింగ్ మందూ కలపొద్దని రెండుసార్లు చెప్పారు, అది మంచి మాట. తాయెత్తులు, మంత్రించిన నిమ్మకాయలు పెట్టెలో పెట్టుకోవద్దు, చేతబడి అని అనుమానిస్తారు అన్నారు. అదీ నిజమే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక "అక్కడి చట్టాలు" అన్న పాఠం మొదలైంది. దొంగతనం, మందు, ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీయటం, ఒక్కోటీ వివరంగా చెప్పారు. తర్వాత, "మగాళ్ళతో మాటలు పెట్టుకోకండి. ఆ విషయంలో అక్కడ జైల్లో వేస్తారు. క్యారెక్టర్ జాగ్రత్త" అని పేజీ తిప్పేశారు.

రెండో వరసలో కూర్చున్న ఒకావిడ లేచింది. "మేడం, మనం ఏం చెయ్యకుండానే ఆ ఇంట్లో మగాళ్ళే చెయ్యి వేస్తేనో?" అంది. గదిలో అందరూ తలలెత్తారు. మేడం ఒక్క క్షణం ఆగి, "అలాంటి ఇళ్ళకి మేం పంపం అమ్మా. మనం సరిగ్గా ఉంటే ఎవరూ ఏమీ అనరు" అన్నారు. ఆవిడ కూర్చుంది. తర్వాత పాఠం, ఇంటికి డబ్బు ఎలా పంపాలి.

నేను తగ్గించిన మార్కులన్నీ ఆ ఒక్క జవాబుకే. అడిగిన మనిషికి అవసరమైన సంగతి ఇది. కువైట్‌లో అత్యాచారానికి శిక్ష చిన్నదేం కాదు. 1960 నాటి వాళ్ళ శిక్షాస్మృతిలో ఉరి గానీ, యావజ్జీవం గానీ రాసి ఉంది. కానీ అదే చట్టంలో పెళ్ళికి బయట ఇష్టపడి కలవటం కూడా నేరమే. మూడేళ్ళ దాకా జైలు, పెళ్ళైనవాళ్ళకైతే ఐదేళ్ళ దాకా. మన ఆడది స్టేషన్‌కి వెళ్ళి జరిగింది చెప్తుంది. వాడు "తన ఇష్టంతోనే జరిగింది" అంటాడు. బలవంతం రుజువు కాలేదంటే, ఆమె ఇచ్చిన ఫిర్యాదే ఆమె నేరం ఒప్పుకున్న కాగితం అయిపోతుంది. కడుపు వస్తే ఆ కడుపే సాక్ష్యం. తలుపులు మూసిన ఇంట్లో, రాత్రిపూట, యజమాని కొడుకు మీద పనిమనిషి తరఫున సాక్ష్యం చెప్పేదెవరు?

ఇది పనిమనుషులకి మాత్రమే వచ్చే కష్టం కూడా కాదు. 2013లో దుబాయ్‌కి ఆఫీసు పని మీద వచ్చిన నార్వే అమ్మాయి మార్తె దాలెల్వ్ తన మీద అత్యాచారం జరిగిందని పోలీసులకి చెప్పింది. కోర్టు ఆమెకే 16 నెలల శిక్ష వేసింది, పెళ్ళి కాకుండా కలిసినందుకు, మందు తాగినందుకు, అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు. ప్రపంచమంతా గోల చేస్తే క్షమాభిక్ష పెట్టి వదిలారు. 2021లో ఖతర్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఏర్పాట్లు చూసే సంస్థలో పనిచేస్తున్న మెక్సికో ఆవిడ పావొలా షీటెకాట్ ఫిర్యాదు చేస్తే కేసు ఆమె మీదకే తిరిగింది. దేశం దాటి బయటపడింది, మరుసటేడు కేసు కొట్టేశారు. సౌదీలో ఖతీఫ్ ఊళ్ళో సామూహిక అత్యాచారానికి గురైన అమ్మాయికి, పరాయి మగాడితో కార్లో ఉందని 90 కొరడా దెబ్బలు వేశారు తీర్పులో. పై కోర్టుకి వెళ్తే 2007లో అది 200 దెబ్బలు, ఆరు నెలల జైలు అయింది. చివరికి రాజు గారు క్షమించారు. క్షమించటానికి ఆ పిల్ల చేసిన తప్పేంటి? నాకు ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళలో ఇద్దరు చదువుకున్నవాళ్ళు, వెనక ఎంబసీలు, పేపర్లు నిలబడ్డాయి. మనవాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ రావు. కువైట్‌లో జాబ్రియా అనే చోట మా పక్కింట్లో రాయచోటి వైపు అమ్మాయి పనిచేసేది. చెత్త సంచులు పడేసే టైముకి ఇద్దరం గేటు దగ్గర కలిసేవాళ్ళం. ఒకరోజు సంచి కింద పెట్టి ఆ ఇంటి పెద్ద కొడుకు గురించి చెప్పింది. పోలీసుల దగ్గరికి పోదామంటే తల అడ్డంగా ఊపింది, "అక్కా, నన్నే లోపలేస్తారంట" అని. కొద్దిరోజులకి ఒక్క చేతి సంచితో బయటికి వెళ్ళిపోయింది. కఫీల్ వెంటనే పనిమనిషి పారిపోయిందని కేసు పెట్టాడు. అక్కడ అదొక నేరం. ఆమె మన ఎంబసీ షెల్టర్‌కి చేరి, నెలల తర్వాత ఇంటికొచ్చింది. వాడు చేసింది ఏ కాగితంలోనూ లేదు. కాగితాల్లో ఉన్నదల్లా యజమాని ఇల్లు వదిలి పారిపోయిన ఆడది.

అందుకే "క్యారెక్టర్ జాగ్రత్త" అన్న మాట వింటే నాకు బాధేసింది. ఆ మాట విన్న ఆడది రేపు ఏదైనా జరిగితే తన తప్పేననుకుని నోరు మూసుకుంటుంది. ఆమెకి కావాల్సింది ఏ దేశంలో చట్టం ఎలా ఉందో చెప్పటం. అన్నిచోట్లా ఒకేలా లేదు కూడా. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో 2022 జనవరి నుంచి కొత్త చట్టం నడుస్తోంది. అక్కడ ఇష్టపడి కలిసిన కేసు భర్త గానీ సంరక్షకుడు గానీ ఫిర్యాదు చేస్తేనే పెడతారు. కువైట్ వెళ్ళే మనిషికి, దుబాయ్ వెళ్ళే మనిషికి ఒకే హెచ్చరిక ఎలా సరిపోతుంది? బీమాలో లాయరు ఖర్చుకి కొంత వస్తుందన్నారు, అదీ ఉద్యోగానికి సంబంధించిన కేసులకే. ఇలాంటి కేసు వస్తే లాయర్ని ఎవరు పెడతారన్నది క్లాసులో ఎవరూ ఎత్తలేదు.

విజిట్ వీసా మీద ఏజెంట్లు పంపేవాళ్ళకి ఈ క్లాసు కూడా ఉండదు. 30 నిండని పిల్లలు ఎక్కువమంది ఆ దారినే పోతున్నారు. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఊళ్ళలో అదే ఎక్కువ.

క్లాసుకి వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, అగ్రిమెంటు పాఠం ఒక్కటైనా మీ డబ్బులు కాపాడుతుంది. కానీ ఇవి మీరే అడగండి: అలాంటిది జరిగితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎంబసీ షెల్టర్‌కి ఎలా చేరాలి, స్టేషన్‌కి ఎంబసీ మనిషి వస్తాడా అని. ఎంబసీ నంబరు ఫోన్లో కాకుండా లోపలి బట్టకి కుట్టుకోండి, ఫోన్ లాగేసుకుంటారు. ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతక్కండి. అరబీలో రాసిన కాగితాన్ని తెలుగో హిందీయో తెలిసిన మనిషి చదివి వినిపించేదాకా వేలిముద్ర వెయ్యకండి.

సాయంత్రం ఫీడ్‌బ్యాక్ కాగితం ఇచ్చారు. వెనకవైపు కూడా నింపి ఇదంతా రాశాను, నా ఫోన్ నంబరు పెట్టాను. ఆ పాఠానికి ఒక గంట ఇస్తే నేనే వచ్చి చెప్తానని, చార్జీలు కూడా ఇవ్వక్కర్లేదని రాశాను. మేడం చదివి, పైవాళ్ళకి పంపిస్తానన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. ఈ రివ్యూ వాళ్ళు చదివితే, నంబరు ఆ కాగితం మీదే ఉంది.