ఎడారి పార్కులకు ఆర్‌వీ మేలా, కారు మేలా?

మే నెలలో అమ్మానాన్నలు అమెరికాలో దిగగానే చాలా తెలుగు ఇళ్లలో మొదలయ్యే చర్చే ఇది. లాస్ వేగస్ దాకా విమానంలో వెళ్లి అక్కణ్ణుంచి జయాన్, బ్రైస్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చుట్టి రావాలి. ఆర్‌వీ, అంటే పడకలూ వంటగదీ బాత్రూమూ ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకోవాలా, కారులో తిరుగుతూ రాత్రికో గది చూసుకోవాలా? మేం రెండూ చేశాం.

ఆర్‌వీ అనగానే ముందు సంబరపడేది పెద్దవాళ్లే. బాత్రూమ్ వెంటే వస్తుంది, వంటగది వెంటే వస్తుంది. మాన్యుమెంట్ వ్యాలీ చుట్టుపక్కల శాకాహారులు తినడానికి పెద్దగా ఏమీ దొరకదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కాకపోతే వంట దగ్గర ఒక మెలిక ఉంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్, దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పెడితే కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. ఇన్‌స్టంట్ పాట్ ఉంది కదా అంటారా? దానికి కరెంటు కావాలి. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉండదు, జనరేటర్ వేసుకోవడానికి కూడా వేళలుంటాయి. 30 అడుగులు దాటిన బండిని అసలు లోపలికే రానివ్వరు. పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో మాత్రం కరెంటు, నీళ్లు, మురుగు పోయే కనెక్షన్, మూడూ ఉంటాయి. ఎక్కడ దిగినా సరే, గ్యాస్ పొయ్యి మీద పెట్టుకునే పాత విజిల్ కుక్కర్ ఒకటి వెంట ఉండాలి.

పడకల సంగతి చెప్పాలంటే, వెనక మంచం అమ్మానాన్నలకు, డ్రైవర్ నెత్తి మీది అటక పిల్లలకు. మీకు మిగిలేది డైనింగ్ టేబుల్ దించి పరిచే పరుపు. రెండో రోజుకే నా నడుము గదులు బుక్ చేసుకోమంది.

అసలు తేడా తెలిసేది రోడ్డు మీదే. జయాన్ తూర్పు వైపు 1930లో పూర్తయిన సొరంగం ఒకటుంది, పొడవు 1.1 మైలు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండి అందులో తన వరుసలో పట్టదు. ఇదివరకు రుసుము కడితే ఎదురొచ్చే బళ్లను ఆపి పంపేవాళ్లు. 2026 జూన్ 7 నుంచి అలాంటి బళ్లను ఆ దారిన వద్దని పార్క్ వాళ్లు నిర్ణయించారు. అద్దె ఆర్‌వీల్లో చాలావాటి ఎత్తు ఆ హద్దు దగ్గరే ఉంటుంది, ఏసీ డబ్బా కలిపి కొలుచుకోండి. లేకపోతే జయాన్ నుంచి బ్రైస్‌కి చుట్టు తిరిగి పోవాల్సిందే. మాన్యుమెంట్ వ్యాలీలోని 17 మైళ్ల మట్టి రోడ్డు మీదికి ఆర్‌వీలను పోనివ్వరు. కారైతే మెల్లగా మీరే తిరిగి రావచ్చు, ఆర్‌వీ అయితే అక్కడి ఆదివాసీలైన నవాహో గైడ్ల జీపుకి విడిగా డబ్బు కట్టాలి. జీపు బుక్ చేస్తే టైమ్ ఒకసారి సరిచూసుకోండి. వేసవిలో నవాహో ప్రాంతం గడియారం మిగతా అరిజోనా కంటే గంట ముందుంటుంది. ఇక మోకీ డగ్‌వే అనే కొండదారి వైపు ఆర్‌వీతో తలైనా తిప్పకండి.

ఖర్చు విషయానికొస్తే, గ్యాలన్‌కి ఎనిమిదో పదో మైళ్లిచ్చే బండి ఇది. దానికి తోడు మైలుకింత, జనరేటర్ గంటకింత, రోజూ క్యాంప్‌సైట్‌కింత. నలుగురే అయితే కారే చవక. ఆరుగురై రెండు గదులు తీసుకోవాల్సి వస్తే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. బ్లాక్ ట్యాంక్, అంటే టాయిలెట్ ట్యాంక్, ఎవరు ఖాళీ చేస్తారో మాత్రం బయలుదేరక ముందే తేల్చుకోండి. మా ఇంట్లో ఆ చర్చ ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గర, వెనక నాలుగు బళ్లు ఆగి ఉండగా జరిగింది.

జూన్, జూలైల్లో అయితే నేను కారుకే ఓటేస్తాను. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఎండ కాసింది. అలాంటి ఎండలో కరెంటు లేనిచోట ఆర్‌వీ ఆపితే అది రేకుల డబ్బానే. ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న బ్రైస్‌లో అదే నెల రాత్రి స్వెట్టర్ కావాలి, అది వేరే సంగతి.

ఐదు రోజుల్లో ఐదు చోట్లు చూడాలంటే కారు. రోజూ పొద్దున్నే వైర్లు పీకి, గొట్టాలు చుట్టి, గిన్నెలు కదలకుండా సర్ది బయలుదేరడంలోనే సగం ఓపిక అయిపోతుంది. ఒకచోట మూడు నాలుగు రాత్రులు ఉండేట్టయితే ఆర్‌వీ. సౌత్ రిమ్‌లోనూ జయాన్‌లోనూ ఉచిత షటిల్ బస్సులుంటాయి కాబట్టి బండి కదపక్కర్లేదు. చలికాలంలో అరిజోనాలోని క్వార్ట్‌సైట్ ఊరి దగ్గర ఎడారిలో ఆర్‌వీలతో దిగే రిటైరైన అమెరికన్లు చేసేదీ అదే, నెలల తరబడి అక్కడే ఉండిపోతారు.

రెండింటికీ తొందరపడాలి. సౌత్ రిమ్ లాడ్జి గదులు 13 నెలల ముందు నుంచే ఇస్తారు, మేథర్‌లో సైట్లు ఆరు నెలల ముందు. ఉత్తరపు అంచు నార్త్ రిమ్‌లో ఉన్న పాత లాడ్జి 2025 జూలై కార్చిచ్చులో కాలిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈసారి అమ్మానాన్నలను అక్టోబర్‌లో రమ్మన్నాం. ట్రైలర్ విలేజ్‌లో నాలుగు రాత్రులకు చోటు తీసుకున్నాం, మాన్యుమెంట్ వ్యాలీ మానేశాం. కుక్కర్ తనే తెస్తానంది అమ్మ.