హనుమకొండలో ఏడు ఎండాకాలాలు, మూడు వరదలు: మా ఇంటి ఏసీల సర్వీసింగ్ అనుభవం

మాది నయీంనగర్ నాలాకు దగ్గర్లో, కాస్త పల్లంలో ఉండే కాలనీ. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2019 ఏప్రిల్‌లో రెండు స్ప్లిట్ ఏసీలు పెట్టించాం. రెండూ టన్నున్నరవే, ఇన్వర్టర్ రకం. ఒకటి మా గదిలో, ఒకటి అమ్మ గదిలో. అప్పటి నుంచి ఇప్పటిదాకా మూడు రకాల వాళ్లతో సర్వీసింగ్ చేయించాను. మొదట కంపెనీ ఏఎంసీ (ఏడాది లెక్కన డబ్బు కట్టే సర్వీసింగ్ ఒప్పందం), తర్వాత ఫోన్ యాప్‌లో బుక్ చేస్తే వచ్చేవాళ్లు, 2022 నుంచి మా వీధి చివర చిన్న షాపున్న మెకానిక్. ప్రతిసారీ పక్కన నిలబడి చూశాను కాబట్టి ఎవరు ఏం చేశారో, ఏం చేయలేదో చెప్పగలను.

మాలాంటి చోట ఏసీని పాడుచేసేది దుమ్ము కంటే నీళ్లే. ఈ సంగతి నాకు మూడేళ్లకు గాని అర్థం కాలేదు. ఒకసారి ఊరికే చూద్దామని డ్రైన్ పైపు కింద పది లీటర్ల బకెట్ పెట్టాను. మే నెలలో రాత్రంతా ఏసీ నడిచినా అందులో సగం కూడా నిండేది కాదు. అదే ఆగస్టులో పెడితే తెల్లారేసరికి పొర్లి వాకిలంతా తడిసింది. గది అదే, ఏసీ అదే. గాలిలో ఉన్న తేమే తేడా. అన్ని నీళ్లూ ఇండోర్ లోపల చల్లటి కాయిల్ మీద పేరుకుని, కింద ఉన్న ట్రేలోకి జారి, వేలంత పైపులోంచి బయటికి పోవాలి. ఆ దారిలో ఎక్కడ చిన్న అడ్డు పడినా నీళ్లు లోపలే నిలుస్తాయి. చీకటి, తడి, సన్నటి దుమ్ము మూడూ ఒకచోట చేరితే బూజుకు ఇంకేం కావాలి?

కంపెనీ ఏఎంసీ రెండేళ్లు కట్టాను. ఏడాదికి మూడుసార్లు వచ్చేవాళ్లు. వచ్చిన అబ్బాయి ఫిల్టర్లు ఊడదీసి నల్లా కింద కడిగేవాడు, ముందు భాగం గుడ్డతో తుడిచేవాడు, కాయిల్ మీద బ్రష్ ఒకసారి లాగి, ఫోన్లో సంతకం తీసుకుని పోయేవాడు. పావుగంట పని. ఫిల్టర్ కడగడం మంచిదే, కానీ అది పదిహేను రోజులకోసారి ఇంట్లో మనం చేసుకునే పనే. దానికి డబ్బు కట్టి మనిషిని పిలవాల్సిన పని లేదు.

2020 ఆగస్టులో వరంగల్‌కు పెద్ద వానలు పడ్డాయి. నాలా పొంగి నీళ్లు మా గేటు దాకా వచ్చి ఆగాయి. ఇంట్లోకి రాలేదని సంతోషపడ్డాం. కానీ ఆ నెలంతా గోడలు చెమ్మగానే ఉన్నాయి. అప్పుడే అమ్మ గదిలో ఇండోర్ నుంచి మంచం మీదికి చుక్కలు పడటం మొదలైంది. వచ్చినతను గ్యాస్ తక్కువైందన్నాడు, 2,800 తీసుకుని నింపాడు. పది రోజులు కాకముందే మళ్లీ చుక్కలు. గ్యాస్ తగ్గితే కాయిల్ మీద మంచు పట్టి, అది కరిగి నీళ్లు కారడం నిజమే. కానీ ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. ఆ లీకేజీ వెతకకుండా, ప్రెషర్ చూపించకుండా నింపారంటే మన డబ్బు గాలిలో కలిసినట్టే. ఇది నాకు ఆ రోజు తెలియదు.

యాప్ వాళ్ల దగ్గర సామాను బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. ఇండోర్ కింద ప్లాస్టిక్ సంచి కట్టి, చిన్న పంపుతో కాయిల్ కడగడం నేను మొదట చూసింది వాళ్ల దగ్గరే. నురుగు స్ప్రే కొట్టి పది నిమిషాలు ఉంచి కడిగారు. మొదటిసారి చాలా నచ్చింది. కానీ ప్రతిసారీ కొత్త మనిషి వస్తాడు, మన ఏసీకి పోయినసారి ఏం చేశారో అతనికి తెలియదు. మూడోసారి వచ్చినతను ఔట్‌డోర్ మీద ఏదో ఘాటు ద్రావణం చల్లాడు. నిమిషంలో తెల్లగా నురగ వచ్చి కాయిల్ తళతళ మెరిసింది. ఆ ఘాటుకు అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని వెనకింట్లోకి పోయింది. ఆర్నెల్ల తర్వాత చూస్తే ఔట్‌డోర్ వెనకవైపు అల్యూమినియం రేకులు చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. యాసిడ్ కలిసిన మందు మురికిని తినేసినట్టే రేకునూ తినేస్తుంది. మెరుపు చూసి మురిసిపోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇక 2022 నుంచి వస్తున్న మెకానిక్ సంగతి. నేను అతన్ని తమ్ముడనే అంటాను. మొదటి రోజే అతను ఇండోర్ మూత తీసి, టార్చ్ వేసి, ముందు బ్లోయర్ చూశాడు. బ్లోయర్ అంటే లోపల అడ్డంగా ఉండే పొడుగాటి చక్రం. గాలిని గదిలోకి తోసేది అదే. అంతకుముందు వచ్చినవాళ్లలో ఎవరూ దాన్ని నాకు చూపించలేదు. దాని ఒక్కో రెక్క అంచున నల్లటి పొర, గోటితో గీకితే తడి మసిలా చేతికంటింది. మేం ఏసీ వేయగానే మొదటి అయిదు నిమిషాలు వచ్చే ముక్క వాసన ఎక్కడిదో ఆ రోజు తెలిసింది.

“గ్యాస్ మంచిగనే ఉన్నది అక్కా, ఎందుకు కొట్టుడు? ట్రేల నీళ్లు ఆగుతున్నయ్. గదే తిప్పల” అన్నాడు.

పైపు చివర పట్టుకుని పంపుతో నీళ్లు ఎదురు కొట్టాడు. ముందు ఏమీ రాలేదు. తర్వాత ఒక్కసారిగా జెల్లీలాంటి పాకుడు ముద్ద, బొటనవేలంత ఉంటుంది, ట్రేలోకి ఊడిపడింది. అమ్మ మంచం మీద రెండేళ్లు చుక్కలు రాల్చింది ఆ ముద్దే. పైపు గోడ బయట ఒకచోట ఉయ్యాలలా వంగి ఉంది, నీళ్లు అక్కడ నిలిచి పాకుడు పట్టింది. ఆ వంపు తీసి, కిందికి వాలుగా రెండు క్లాంపులు కొట్టాడు. క్లాంపులకు అరవై రూపాయలు.

అతను ఒక్కో ఏసీకి గంటా పదిహేను నిమిషాలు తీసుకుంటాడు. ముందు ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపుతాడు. పీసీబీ, అంటే ఎలక్ట్రానిక్ బోర్డు, ఉన్న డబ్బాకు పాలిథిన్ చుట్టి టేపు వేస్తాడు. కాయిల్‌ను పైనుంచి కిందికే కడుగుతాడు, అడ్డంగా కొడితే రేకులు వంగిపోతాయి. బ్లోయర్‌ను చేత్తో తిప్పుతూ రెక్క రెక్కకూ నీళ్లు పడతాడు. సంచిలోంచి బకెట్‌లోకి వచ్చే నీళ్లు ముందు డికాక్షన్ రంగులో, తర్వాత బియ్యం కడుగులా, చివరికి తేటగా వస్తాయి. తేటగా వచ్చేదాకా ఆపడు. మందు వాడడు, మరీ జిడ్డుంటే సబ్బు నీళ్లు. అంతా అయ్యాక అరగంట ఫ్యాన్ మోడ్‌లో పెట్టి ఆరబెట్టిస్తాడు. అప్పట్లో ఏసీకి 600 తీసుకునేవాడు, ఇప్పుడు 700.

2023 జూలై 27 మా అందరికీ గుర్తే. భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగిన రోజు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడిన రోజు. మా ఇంట్లోకి మోకాలి కింద దాకా నీళ్లు వచ్చాయి. అమ్మ గది ఔట్‌డోర్ వాకిట్లో నేల మీద జానెడు స్టాండు మీద ఉండేది, సగానికి పైగా మునిగింది. రాత్రే మెయిన్ ఆపేశాం, అదొక్కటి మంచి పని చేశాం.

నీళ్లు తీసేశాక తమ్ముడికి ఫోన్ చేస్తే, “అక్కా, నేను వచ్చేదాక స్విచ్ ముట్టకుండ్రి. రిమోట్ గూడ ఎవ్వలకియ్యకుండ్రి” అన్నాడు. ఊరంతా పిలుస్తుంటే మా ఇంటికి రావడానికి అయిదు రోజులు పట్టింది. ఎదురింటివాళ్లు ఆగలేక రెండో రోజే వేశారు. ఔట్‌డోర్ బోర్డు టప్పుమని పోయింది, కొత్త బోర్డుకు పదకొండు వేలు. వాళ్ల వారంటీలో వరద నష్టం లేదన్నారు.

మాది పూర్తిగా విప్పాడు. లోపల ఒండ్రు మట్టి, ప్లాస్టిక్ కవర్ ముక్కలు, ఒక చచ్చిన కప్ప. వరద నీళ్లంటే వాన నీళ్లొక్కటే కాదు కదా, మోరీల నీళ్లూ అందులోనే. అందుకే చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు పెట్టుకున్నాడు, నన్నూ పెట్టుకోమన్నాడు. మట్టి ఎండితే సిమెంటులా పట్టేస్తుందట. కాబట్టి ముందు పంపు లేకుండా మామూలు పైపుతో మంచినీళ్లు పోసి నానబెట్టాడు. రేకుల మధ్య మిగిలిన మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీశాడు. నేనూ ఓ గంట కూర్చుని తీశాను. కంప్రెసర్ లోపలికి నీళ్లు పోవు, అది సీలు చేసి ఉంటుంది. కానీ దాని పైన వైర్లు తగిలించే చోట నీళ్లు నిలుస్తాయి. మూత తీసి అక్కడ తుడిచాడు. రాగి పైపుల చుట్టూ ఉన్న నల్ల స్పాంజి మురుగు పీల్చుకుంది, కోసేసి కొత్తది వేశాడు. రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని మెగ్గర్ మీటరుతో ఇన్సులేషన్ చూసి, అప్పుడు కరెంటు ఇచ్చాడు. ఫ్యాన్ మోటారు పోయింది. పీసీబీ పై భాగంలో ఉండటం వల్ల బతికింది. మొత్తం 4,800 అయింది.

మునిగిన ఔట్‌డోర్ అలా బాగుపడింది. చుక్క నీరు తగలని ఇండోర్లే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టాయి. గోడలు రెండు నెలలు తడిగానే ఉన్నాయి. తడిసిన పరుపులు, చెక్క బీరువా రెండు మూడు రోజులు గదిలోనే ఉంచేశాం. తడిసిన వస్తువులను ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుందని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మా ఇంట్లో అదే జరిగింది. ఆ గాలినంతా ఇండోర్లు పీల్చుకున్నాయి. మార్చిలోనే కడిగించాం కదా అనుకున్నాను, సెప్టెంబరులో మూత తీస్తే బ్లోయర్ మళ్లీ నల్లగా ఉంది. అమ్మకు పొద్దున్నే వరుస తుమ్ములు. అప్పటి నుంచి నీళ్లు వచ్చిన ఏడాది గోడలు ఆరగానే ఇంకోసారి కడిగించడం నియమంగా పెట్టుకున్నాం. కడిగించాక అమ్మ తుమ్ములు తగ్గాయి. ఆయాసం మాత్రం అలాగే ఉంది, దానికి మందులు వాడాల్సిందే. సర్వీసింగ్‌తో జబ్బులు పోతాయని చెప్పేవాళ్లను నేను నమ్మను.

కరెంటు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. మా గది ఏసీకి సబ్ మీటరు ఉంది. 24 మీద పెట్టి రాత్రి ఎనిమిది గంటలు నడిపితే కడగక ముందు దాదాపు తొమ్మిది యూనిట్లు, కడిగిన వారం ఏడున్నర. ఒకే నెలలో, ఒకే రకం ఎండలో చూసిన లెక్క ఇది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అవుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్పే మాట కూడా మాకు సరిపోయింది. వానాకాలంలో 26 పెట్టి ఫ్యాను వేసుకుంటే హాయిగానే ఉంటుంది.

కూలర్ గురించి ఒక ముక్క. హాల్లో ఒకటి ఉంది, మేలో దాన్ని మించింది లేదు. జూన్ రెండో వారం దాటాక వాడితే గదికి తేమ ఎక్కించడమే. అప్పుడే నీళ్లు ఖాళీ చేసి, గడ్డి తీసేసి, ఎండలో ఆరబెట్టి మూట కడతాం. నీళ్లతో వదిలేస్తే దోమలకు ఇల్లు ఇచ్చినట్టే.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు హనుమకొండ మళ్లీ మునిగింది. ఈసారి మా వాకిట్లో నడుము కింద దాకా నీళ్లు, ఇంట్లో జానెడు. కానీ 2023 తర్వాత రెండు ఔట్‌డోర్లనూ సన్‌షేడ్ పైకి ఎత్తించాం. పైపు పొడుగు పెంచడానికి, స్టాండ్లకు, గ్యాస్ తూకం వేసి మళ్లీ నింపడానికి కలిపి 9,500 అయింది. అప్పుడు ఎక్కువ అనిపించింది. ఈసారి వాటికి నీటి చుక్క తగల్లేదు. పల్లంలో ఉన్నవాళ్లు సర్వీసింగ్ కంటే ముందు ఈ పని చేయించండి. కాకపోతే పైకెత్తేటప్పుడు సర్వీసింగ్ చేసే మనిషి నిలబడే చోటు కూడా చూసుకోవాలి. మా రెండోది మరీ మూలకు పెట్టారు, దాని వెనకవైపు కడగడానికి ఇప్పుడు నిచ్చెన సరిగా ఆనదు.

తమ్ముడి పనిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. బిల్లు ఇవ్వడు, అడిగితే చీటీ మీద రాసిస్తాడు. ఏప్రిల్‌లో పిలిస్తే పది రోజులు తిప్పుతాడు. ఒకసారి ఇండోర్ మూత క్లిప్పు విరగ్గొట్టి చెప్పకుండా పోయాడు, అడిగాక తెచ్చి వేశాడు. అయినా ఇంకొకరిని పిలవాలనిపించలేదు. మా ఏసీ లోపల ఏముందో అతనికి గుర్తుంటుంది. పోయిన నవంబరులో వచ్చినప్పుడు నేను చెప్పకముందే బయటికెళ్లి ఆ పాత వంపు దగ్గర పైపు పట్టుకుని చూశాడు.

ఎండలు ముదిరితే దొరకడని తెలుసు కాబట్టి ఈసారి ఫిబ్రవరి రెండో ఆదివారానికే మాట తీసుకున్నాను. అమ్మ గదిది ముందు కడగమన్నాను. నిచ్చెన ఎదురింటి నుంచి తెచ్చి పెట్టాలి.