ఒంటికాలి కుమ్మరి కాగితాల వెంట

పద్దెనిమిదో శతాబ్దపు పేరున్న కుమ్మరి జొసయా వెడ్జ్‌వుడ్ కోసం ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ వెళ్లేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, ఆయన కార్ఖానా ఉన్న ఎట్రూరియా మీద ఆశ పెట్టుకోవద్దు. 1769లో కాలువ ఒడ్డున ఆయన తెరిచిన కార్ఖానాలో ఇప్పుడు కనిపించేది ఒక గుండ్రటి కట్టడం. ఆయన కాపురమున్న బంగళా ఒక హోటల్లో కలిసిపోయింది. అరగంటలో వెనక్కి వచ్చేశాం.

మనిషి దొరికేది కాగితాల్లోనే. అందుకు స్టోక్ దగ్గరి బార్లాస్టన్ వెళ్లాలి. అక్కడి మ్యూజియం, వీ అండ్ ఏ వెడ్జ్‌వుడ్ కలెక్షన్‌కు టికెట్ లేదు కానీ, పాత పత్రాలు చూడాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మ్యాప్‌లో వెడ్జ్‌వుడ్ అనే స్టేషన్ కనబడుతుంది, నమ్మకండి. 2004 నుంచి అక్కడ రైళ్లు ఆగడం లేదు. మేం స్టోక్‌లో దిగి టాక్సీ పట్టుకున్నాం.

ఆయన సొంతూరు బర్స్‌లెం చర్చి రిజిస్టరులో ఆయన బాప్తిస్మం 1730 జూలై 12. రిజిస్టర్లు వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరం కిందే రాసేవారు. ఆ తేదీల దగ్గర నేను రెండుసార్లు బోర్లాపడ్డాను.

నన్ను ఆపేసింది 1768 మే 28 నాటి ఒక ఇన్వాయిస్ సంగతి. లండన్ కొట్టుకు పంపిన సరుకు లెక్క అది. అడుగున గుమాస్తా పీటర్ స్విఫ్ట్ రెండు ముక్కలు చేర్చాడు: ఇవాళ అయ్యగారి కాలు తీసేశారు, అంత పని జరిగాక ఎలా ఉండాలో అలాగే ఉన్నారు, అని. సరుకు లెక్క కిందే! మత్తుమందు లేని కాలం. చిన్నప్పుడు సోకిన మశూచి వల్ల చెడిన కుడికాలు అది.

భాగస్వామి బెంట్లీకి ఆయన రాసిన ఉత్తరాలు బోలెడు మిగిలాయి, బెంట్లీ రాసినవి చాలావరకు పోయాయి. ఫోన్లో ఒకవైపు మాటలే వింటున్నట్టుంటుంది.

బస గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. స్టేషన్ దగ్గర చవక గెస్ట్‌హౌస్, రాత్రంతా హీటర్ పనిచేయలేదు. పొద్దున తిన్న ఓట్‌కేక్ మాత్రం బాగుంది. పేరుకే కేకు, చూస్తే మన అట్టే, లోపల చీజ్.

ఒకటే రోజుంటే బార్లాస్టన్ చాలు. రెండో రోజు దొరికితే హాన్లీలోని పాటరీస్ మ్యూజియానికి వెళ్లండి, అదీ ఉచితమే. ఎట్రూరియా తెరిచిన రోజున, కాలు పోయి ఏడాది దాటాక, బెంట్లీ సారె తిప్పుతుంటే వెడ్జ్‌వుడ్ తన చేత్తో చేసిన కూజాల్లో ఒకటి అక్కడుంది. దాని ముందు నిలబడే టైం చూసుకోక మా రైలు తప్పింది.