మోకాలి ఆపరేషన్ తర్వాత హైబ్రిడ్ ఫిజియోథెరపీ: ఎంతవరకు పనికొస్తుంది?

హైబ్రిడ్ ఫిజియోథెరపీ అంటే కొంత క్లినిక్‌లో, మిగతాది ఇంట్లోనే వీడియో కాల్‌లో. మోకీలు మార్పిడి అయ్యాక కూకట్‌పల్లి నుంచి బంజారాహిల్స్ దాకా ఆటోలో కుదుపులు తినక్కర్లేదు, ఈ సర్వీసులో మొదటి లాభం అదే. తొలి పరీక్ష మాత్రం క్లినిక్‌లోనే చేయించుకోవాలి. బిగుసుకున్న కీలును చేత్తో కదిలించడం వీడియోలో అయ్యే పని కాదు.

మిగతాది ఇంట్లోనే. ఫోన్ చేతిలో పట్టుకుంటే దండగ. మంచం ఎత్తున్న స్టూల్ మీద, ఆరడుగుల దూరంలో, కాలు పక్కనుంచి కనిపించేలా పెట్టాలి. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి కిందికి నొక్కి, 5 సెకన్లు ఉంచి వదలాలి, 10 సార్లు. చాలామంది తొడ బిగించకుండా నడుము ఎత్తేస్తారు, పైగా ఊపిరి బిగబడతారు. కెమెరా ఎదురుగా ఉంటే ఆ తప్పు దొరకదు. మడమ జరిపే వ్యాయామానికి కింద ప్లాస్టిక్ కవర్ వేస్తే దుప్పటి పట్టుకోదు.

పావుగంట స్లాట్ మాత్రం చాలదు, సగం కెమెరా సర్దడానికే పోతుంది. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాల్ కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.