జాషువా ట్రీ పార్కుకి ఐదు స్టార్లు, ట్రంప్‌కి ఒక్కటే

పిల్లలతో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కుకి వెళ్లొచ్చాం. రేంజర్ ఒకావిడ మా చిన్నదాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ ముళ్లాకులు చూపిస్తూ, ఈ చెట్టు ఏడాదికి మహా అయితే మూడంగుళాలే పెరుగుతుందని ఓపిగ్గా చెప్పింది. సర్వీసుకి వంక పెట్టలేం. నా కోపమంతా ట్రంప్ మీదే. 2018 డిసెంబర్‌లో మొదలై 35 రోజులు సాగిన షట్‌డౌన్‌లో (బడ్జెట్ ఆమోదం కాక ప్రభుత్వ పనులు ఆగిపోవడం) సిబ్బందిని ఇంటికి పంపేసి పార్కుల గేట్లు మాత్రం తెరిచి ఉంచారు, ఇక్కడ చెత్త పేరుకుపోయింది, ఇష్టమొచ్చినట్టు బండ్లు తోలారు, ఇంత నిదానంగా పెరిగే చెట్లనే నరికారు! అంతకుముందు ఏడాది యూటాలో బేర్స్ ఇయర్స్ రక్షిత ప్రాంతాన్ని దాదాపు 85 శాతం కోసేశారు. 2025 ఫిబ్రవరిలో ఈ పార్కుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్ సర్వీసులో సుమారు 1,000 మందిని తీసేశారు, అలాంటి రేంజర్లనే కదా. వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, లోపల దొరకవు.