ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఇల్లు కొన్నప్పుడు మేం పెట్టుకున్న సొలిసిటర్ - 5కి 4

2025 అక్టోబర్ 16, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రీడింగ్ పక్కనున్న లోయర్ ఎర్లీలో మా ఇంటి తాళాలు చేతికొచ్చాయి. యూకేలో ఇల్లు కొనేటప్పుడు మార్ట్‌గేజ్ రేటు గురించి, స్కూళ్ళ గురించి మనవాళ్ళు గంటలు గంటలు చెప్తారు కానీ సొలిసిటర్, అంటే కొనుగోలు పని చూసే లాయరు, ఎవరని అడిగితే మాత్రం "ఏజెంట్ చెప్పినవాళ్ళని పెట్టుకున్నాం" అనేసి వదిలేస్తారు. మేం కూడా అదే చేసి దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నాం, తర్వాత మారి దొరికినావిడ వల్ల బయటపడ్డాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఊళ్ళో అయితే ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం, దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి ఫొటో దిగి వేలిముద్రలు వేస్తాం, మన కళ్ళముందే అంతా జరుగుతుంది. ఇంగ్లండ్‌లో ఆ పని మొత్తం కన్వేయన్సింగ్ సొలిసిటర్ చేతిలోనే ఉంటుంది. మనం ఏ ఆఫీసుకీ వెళ్ళం, టైటిల్ చూసేది వాళ్ళే, కౌన్సిల్ నుంచి సెర్చ్‌లు, అంటే ఆ ఇంటి గురించి రికార్డుల్లో ఏముందో, తెప్పించేది వాళ్ళే, బ్యాంకు లోన్ డబ్బులు వెళ్ళేది వాళ్ళ అకౌంట్లోకే, చివరికి ల్యాండ్ రిజిస్ట్రీలో మన పేరు ఎక్కించేది కూడా వాళ్ళే. పైగా ఆఫర్ ఒప్పుకున్నాక కూడా కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలు పెట్టిన కాగితాలు రెండు వైపులా మార్చుకుని కట్టుబడేదాకా, అమ్మేవాళ్ళు ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, చట్టం వాళ్ళనేమీ అనదు, కాబట్టి ఆ మధ్యలో పోయే ప్రతి వారమూ మనకి ప్రమాదమే.

ముందు మా మొదటి కంపెనీ సంగతి, పేరు రాయను. ఏప్రిల్ ఆఖర్లో ఆఫర్ ఒప్పుకున్నారు, రేటు 4,80,000 పౌండ్లు. ఎస్టేట్ ఏజెంట్ అదే రోజు ఫోన్ చేసి మా కన్వేయన్సర్లయితే పని త్వరగా అవుతుంది, 799 పౌండ్లే అన్నాడు. వాళ్ళని పంపినందుకు ఏజెంటుకి రెఫరల్ ఫీజు ముడుతుంది, ఆ సంగతి చెప్పాలి కూడా, మాకు పేపర్లలో ఎక్కడో చిన్న అక్షరాల్లో చెప్పారు, మేం చదవలేదు. ఆ 799 మీద లెండర్ తరఫున చేసే పనికి ఒకటి, స్టాంప్ డ్యూటీ ఫారం నింపడానికి ఒకటి, ఇండియా నుంచి డబ్బులొస్తున్నాయంటే ఒకటి, ఐడీ చెక్కుకి మనిషికింత, ఇలా కలుపుకుంటూ వ్యాట్‌తో సహా 1,500 దాటింది. సరే డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకోవాలి, పోర్టల్లో మాత్రం "ప్రోగ్రెస్‌లో ఉంది" అని ఆకుపచ్చ టిక్కు. ఏడో వారంలో నేనే గట్టిగా పట్టుకుని అడిగితే తేలిందేంటంటే కౌన్సిల్ సెర్చ్ అసలు ఆర్డరే చెయ్యలేదు! మా ఆయన ఇంటిపేరు కూడా ఫైల్లో తప్పే ఉంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మారిపోదాం అనుకున్నాం. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ, ఎర్లీలో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది, తన రెండు ఇళ్ళకీ పనిచేసిన లోకల్ సొలిసిటర్ దగ్గరికి పంపింది. చిన్న ఆఫీసు, కింద షాపులు, పైన రెండు గదులు. వెళ్ళేముందు మూడు విషయాలు చూసుకున్నాం, మీరూ చూసుకోండి: సొలిసిటర్ల రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టర్లో పేరుందా, లా సొసైటీ కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్‌లో ఉన్నారా, మన లెండర్ ప్యానెల్లో ఉన్నారా. ఈ మూడోది మర్చిపోతే బ్యాంకు తనకి వేరే లాయర్ని పెట్టుకుంటుంది, ఆ ఖర్చు మన మీద పడుతుంది. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయినా పర్లేదు, వాళ్ళని చూసే సంస్థ వేరే ఉంటుంది, చట్టప్రకారం ఈ పనికి సరిపోతారు.

మొదటి మీటింగ్‌లో ఆవిడ ఫారాలు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీ ఇద్దరిలో ఎవరికైనా ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు గానీ ఇంట్లో వాటా గానీ ఉందా?"

మా ఆయన పేరు మీద మియాపూర్‌లో ఫ్లాట్ ఉంది, 2015లో కొన్నది. మొదటి కంపెనీ ఫారంలో "ఫస్ట్ టైం బయ్యరా" అంటే యూకేలో ఇదే మొదటిది కదా అని మేం అవును అని టిక్కు పెట్టేశాం, వాళ్ళు ఇంకో మాట అడగలేదు, స్టాంప్ డ్యూటీ 9,000 అని కొటేషన్ ఇచ్చారు. ఈవిడ కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఇండియాలో ఇల్లున్నా ఫస్ట్ టైం బయ్యర్ రాయితీ పోతుంది, కొన్నదే కానక్కర్లేదు, వారసత్వంగా వచ్చినా పోతుంది. అప్పుడు మామూలు లెక్కలో 14,000. ఆ ఫ్లాట్ ఇంకా చేతిలో ఉండగా ఈ ఇల్లు కంప్లీట్ అయితే, అంటే డబ్బంతా కట్టి తాళాలు తీసుకుంటే, రెండో ఇంటి కింద లెక్క, మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 24,000 అదనం, మొత్తం 38,000 పౌండ్లు. మా కాళ్ళ కింద నేల కదిలిపోయింది. నా ఒక్కదాని పేరు మీద కొంటేనో అన్నాను, పెళ్ళయి కలిసి ఉండేవాళ్ళని ఆ అదనపు పన్ను దగ్గర ఒకరిగానే చూస్తారు, పైగా లోన్ ఇద్దరి జీతాల మీద కదా అంది. తప్పు రిటర్న్ వేస్తే ఆ భారం తర్వాత మా మీదే పడుతుందని కూడా మొహమాటం లేకుండా చెప్పింది.

మన వాళ్ళలో ఎంతమందికి ఊళ్ళో ఏదో ఒక ఫ్లాటో, నాన్నగారి ఇంట్లో వాటానో ఉంటుంది చెప్పండి. 40,000 పౌండ్ల కంటే తక్కువ విలువున్న వాటాని ఆ అదనపు 5 శాతానికి లెక్కలోకి తీసుకోరు, కానీ ఫస్ట్ టైం రాయితీ సంగతి వేరే, అందుకే ఉన్నదంతా మొదటి రోజే సొలిసిటర్‌కి చెప్పేయండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

మా అదృష్టం ఏంటంటే మియాపూర్ ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్ళు ఏడాదిగా అమ్ముతారా అని అడుగుతున్నారు. మరిదికి జీపీఏ ఇచ్చి అమ్మేశాం, ఈ ఇల్లు కంప్లీట్ అయ్యేలోపు అక్కడ రిజిస్ట్రేషన్ అయిపోవాలి, అదొక్కటే షరతు. ఆ ఆలస్యం గురించి మా సొలిసిటర్ అమ్మేవాళ్ళ సొలిసిటర్‌కి దాపరికం లేకుండా ఫోన్ చేసి చెప్పింది, ఇద్దరికీ ఇదివరకే పరిచయం ఉందట, కాబట్టి వాళ్ళు భయపడి ఇల్లు మళ్ళీ మార్కెట్లో పెట్టకుండా ఆగారు. లోకల్ అంటే ఏంటి లాభం అని అడుగుతారు కదా, నాకు తెలిసి అన్నిటికంటే పెద్ద లాభం ఇదే.

ఇక డబ్బు ఎక్కడిదో చూపించే పని. ఫ్లాట్ డబ్బులు ఎన్ఆర్ఓ అకౌంట్లో (విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇండియాలో ఉండే అకౌంటు) పడి, డబ్బు బయటికి పంపడానికి కావాల్సిన ఇన్‌కంటాక్స్ ఫారాలు, అంటే సీఏ దగ్గర 15సీబీ తీసుకుని, 15సీఏ వేసి ఇక్కడికి తెచ్చుకున్నాం, మా నాన్న కొంత గిఫ్ట్ ఇచ్చాడు, ఆ డబ్బు తెనాలి దగ్గర పొలం అమ్మగా వచ్చింది. మనీ లాండరింగ్ రూల్స్ వల్ల ప్రతి పెద్ద మొత్తానికీ మూలం చూపించాలి. పొలం దస్తావేజు తెలుగులో ఉంది, సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ అడిగింది, నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆయన పాస్‌పోర్ట్, తిరిగి అడగను, ఇంట్లో వాటా అడగను అని గిఫ్ట్ లెటర్. డెబ్బై ఏళ్ళ మనిషిని ఇన్ని అడిగితే ఆయనకి కొంచెం బాధనిపించింది, నన్ను అనుమానిస్తున్నారా అమ్మా అన్నాడు. సొలిసిటర్ నాన్నతో వీడియో కాల్‌లో తనే మాట్లాడి ఇది చట్టం, అందరినీ అడగాల్సిందే అని నిదానంగా చెప్పింది, నేను పక్కనుండి తెలుగులో చెప్పాను. దానికి ఆవిడ విడిగా డబ్బులేం తీసుకోలేదు. కాగితాల్లో మా ఆయన పేరు ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఇంకోచోట పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో తిరగేసి ఉంది, ముగ్గురూ ఒక్కరే అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టించి ఆ గొడవ మొదట్లోనే తేల్చేసింది.

ఇంటి విషయానికొస్తే, ఆ ఇంట్లో గ్యారేజీని ఆఫీసు గదిగా మార్చారు. అమ్మేవాళ్ళు ఇంటి వివరాలు నింపిన టీఏ6 ఫారంలో మాత్రం మార్పులేవీ చెయ్యలేదని ఉంది. ఆవిడ ఇల్లు చూడలేదు కానీ ఏజెంట్ పెట్టిన ఫొటోలు టైటిల్ ప్లాన్ పక్కన పెట్టుకుని పట్టేసింది. ఈ కాలనీలో గ్యారేజీ బండి పెట్టుకోవడానికే వాడాలని టైటిల్లో కవనెంట్ (షరతు) ఉండే ఇళ్ళు చాలా ఉంటాయని తనకి తెలుసట, చూస్తే మాదాంట్లోనూ ఉంది, బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ కూడా లేదు. ఏజెంట్ ఏమో ఇండెమ్నిటీ పాలసీ (ఇలాంటి లోపాలకి తీసుకునే బీమా) తీసుకుంటే సరిపోతుంది అంటాడు. ఆవిడ చెప్పింది వినండి, చాలా పనికొస్తుంది: ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే ఖర్చుకి మాత్రమే, గది గట్టిగా కట్టారా, చెమ్మ ఉందా అన్నది అది చెప్పదు. అందుకని సర్వేయర్‌తో ఆ గది విడిగా చూపించుకోండి, కౌన్సిల్‌కి మాత్రం మీ అంతట మీరు ఫోన్ చెయ్యకండి, వాళ్ళకి తెలిసిందంటే ఆ తర్వాత పాలసీ దొరకదు అంది. సర్వేయర్ చూసి గోడలు బానే ఉన్నాయి, ఇన్సులేషన్ లేదు అని రాశాడు. లెండర్‌కి ఈవిడే తెలియజేసింది, పాలసీ డబ్బు అమ్మేవాళ్ళ చేత కట్టించింది.

ఇంకో మాట, రీడింగ్‌లో కోలీ వైపు, ఎమ్మర్ గ్రీన్ వైపు నేల కింద పాత సుద్ద గనులున్నాయి, 2000లో కోలీలో ఫీల్డ్ రోడ్డు దగ్గర నేల కుంగిపోయింది. మేం అంతకుముందు కోలీలో ఒక ఇల్లు చూశామని మాటల్లో అంటే వెంటనే ఆ సంగతి ఎత్తింది. ఇంకెక్కడో ఊళ్ళో కూర్చుని వందల ఫైళ్ళు చూసేవాళ్ళకి ఇది తట్టడం కష్టం. మా ఇల్లు లాడన్ నదికి దగ్గర కాబట్టి వరద రిపోర్టు చదివి, మా వీధి ఎక్కడొస్తుందో మ్యాప్ మీద పెన్సిల్‌తో చూపించింది. పోస్టల్ అడ్రస్ రీడింగ్ అయినా కౌన్సిల్ వోకింగ్‌హామ్ అని కూడా అప్పుడే తెలిసింది.

ఫీజు 1,350, వ్యాట్ కలిపి 1,620, సెర్చ్‌లు, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు విడిగా. మొదటి రోజు ఇచ్చిన కాగితంలో ఎంత ఉందో చివరి బిల్లులోనూ అంతే. పాత కంపెనీకి చేసిన పనికని 350 కట్టాం, అది మాత్రం ఇప్పటికీ మండుతుంది.

అకౌంట్ నంబర్ ఆఫీసులో కాగితం మీద ఇచ్చి, ఇది ఈమెయిల్లో ఎప్పటికీ మారదు, మారిందని మెయిల్ వస్తే అది దొంగలదే, ముందు నాకు ఫోన్ చెయ్యండి అంది. పది శాతం డిపాజిట్ అంటే 48,000 పౌండ్లు, చెయ్యి వణికింది. ముందు ఒక్క పౌండ్ పంపి, ఆఫీసుకి ఫోన్ చేసి వచ్చిందని విన్నాకే మిగతాది పంపాం.

మరి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే ఆవిడ శుక్రవారాలు పనిచెయ్యదు, అసిస్టెంట్‌కి మన ఫైలు అంతగా తెలియదు, రెండుసార్లు సోమవారం దాకా ఆగాల్సొచ్చింది. ఆగస్టులో రెండు వారాలు సెలవు మీద వెళ్ళింది, ముందే చెప్పింది నిజమే కానీ మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు దగ్గరపడుతుంటే ఆ రెండు వారాలు నాకు నిద్ర పట్టలేదు. మొదటి రోజే మీ సొలిసిటర్‌ని "మీరు లేనప్పుడు ఎవరు చూస్తారు" అని అడిగి పేరు రాసుకోండి.

ముహూర్తం గురించి కూడా చెప్పాలి. మా అత్తగారు పంచాంగం చూసి ఉదయం తొమ్మిదిన్నర అన్నారు. లోన్ డబ్బు బ్యాంకు నుంచి వచ్చి, అమ్మేవాళ్ళ సొలిసిటర్‌కి చేరాకే తాళాలిస్తారు, గంట ఎవరూ చెప్పలేరు, శుక్రవారం అయితే అందరూ ఆ రోజే పెట్టుకుంటారు కాబట్టి ఇంకా ఆలస్యం, గురువారం పెట్టుకుని మీ పూజ విడిగా చేసుకోండి అంది. అలాగే చేశాం, కార్తీకంలో పాలు పొంగించాం.

కంప్లీషన్ అయిన 14 రోజుల్లోపు స్టాంప్ డ్యూటీ 14,000 కట్టి రిటర్న్ వేసి కాపీ పంపింది. ల్యాండ్ రిజిస్ట్రీలో మార్పు వెంటనే అవ్వదు, మాకు మూడు నెలలు పట్టింది, మన దగ్గరలా స్టాంపు పేపర్ల దస్తావేజు చేతికేం రాదు, రిజిస్టర్ పీడీఎఫ్ అంతే. ఆవిడ పంపిన మెయిల్ తెరిచి మా ఆయన ముందు తన ఇంటిపేరు అక్షరం అక్షరం చదువుకున్నాడు. సరిగ్గానే ఉంది. వెంటనే ప్రింట్ తీసి నాన్నకి వాట్సాప్‌లో ఫొటో పెట్టాను.